చికిత్సా కాలంలో సహనం, ఆశ

సకల స్తోత్రాలకు అర్హుడైన అల్లాహ్‌ను కొనియాడుతూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురవాలని వేడుకుంటూ ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

 

గత రంజాన్ తరువాత దాదాపు మూడు నెలలపాటు మేము ఈ మింబర్ మీదికి రాలేదు. మా శిష్యులే జుమా నమాజు చేయించారు. ఇమాం సాబ్ సొంత ఊరికి వెళ్ళారని కొందరు, ఉమ్రాకు వెళ్ళారని మరికొందరు అనుకున్నారు. ఆ మాటలను మేము సరిదిద్దలేదు. ఈనాడు మీ ముందు నిలబడి నిజం చెప్పడం మా బాధ్యతగా భావిస్తున్నాము. మేము ఊరికీ వెళ్ళలేదు, ఉమ్రాకూ వెళ్ళలేదు. మా స్వరపేటికలో క్యాన్సర్ బయటపడింది. ఇరవై ఎనిమిది సిట్టింగుల రేడియేషన్ చికిత్స పొందాము. అల్‌హమ్దులిల్లాహ్, చికిత్స ముగిసింది. గొంతు మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అందుకే ఈ పూట మైకును ఇంత దగ్గరగా పెట్టుకున్నాము. మాట బొంగురుగా వినిపిస్తే క్షమించండి.

ఈ విషయం సానుభూతి కోసం చెప్పడం లేదు. ఈ ప్రాంతంలో మేము ఇరవై ఏళ్ళుగా వ్యాధిగ్రస్తులకు సహనం గురించి బోధిస్తూ వచ్చాము. ఆ బోధలో ఒక లోపం ఉండేదని యంత్రం కింద పడుకున్న తరువాతగానీ మాకు తెలియలేదు. ఆ లోపాన్ని మీ ముందు ఒప్పుకోవడానికి, వీలైనంతలో సరిదిద్దడానికి ఈ జుమాను ఎంచుకున్నాము.

ఒక యువకుని ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం మాట. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒక యువకుడు జుమా నమాజుకు ఇక్కడికే వచ్చేవాడు. రాయలసీమ నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. అతనికి నోటి క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ నాలుగో వారంలో ఉండగా ఒక శుక్రవారం రెండు జమాఅతుల మధ్య మా దగ్గరికి వచ్చాడు. మెడకు కండువా చుట్టుకుని ఉన్నాడు. "హజ్రత్, ఒక మాట అడగాలి" అన్నాడు. రెండవ జమాఅతుకు జనం నిండుతున్నారు. మేము అతని భుజం మీద చేయి వేసి, "సబ్ర్ చెయ్యి బాబూ, ఏడవకు, పాజిటివ్‌గా ఉండు. ఇన్షా అల్లాహ్ అంతా బాగవుతుంది" అని చెప్పి ముందుకు వెళ్ళిపోయాము. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

అతను అడగదలచుకున్నదేమిటో ఏడాది తరువాత, అతని జనాజా నమాజు చేయించిన రోజున, అతని అన్నయ్య చెప్పగా తెలిసింది. నోరంతా పుండ్లు పడి, నీళ్ళు మింగినా మంట పుట్టేదట. రాత్రుళ్ళు తెలియకుండానే కన్నీళ్ళు వచ్చేవట. ఇలా ఏడుస్తున్నానంటే తన ఈమాన్ బలహీనపడిందా, సహనం లేని తనకు పుణ్యం దక్కకుండా పోతుందా, ఇక చికిత్స ఆపేయవచ్చా అని అడగడానికి వచ్చాడు. మేము చెప్పిన సమాధానంలో 'ఏడవకు' అన్న మాట మాత్రమే అతనికి మిగిలింది. ఆ తరువాత వారం నుంచి అతను ఆసుపత్రికి వెళ్ళడం మానేశాడు.

చికిత్స ఆగిపోవడమే అతని మరణానికి కారణమని మేము చెప్పలేము. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. కానీ ఒక విశ్వాసి తన ప్రశ్నతో ఇమాం దగ్గరికి వచ్చి, ఆ ప్రశ్న అడగకుండానే వెనుదిరిగాడు. దానికి మేము జవాబుదారులము.

అబూదావూద్ గ్రంథంలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక సహచరుని తలకు రాయి తగిలి గాయమైంది. ఆ రాత్రి అతనికి గుస్ల్ తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉన్నాయి కదా, నీకు మినహాయింపు లేదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. దైవప్రవక్త (స) ఈ సంగతి విని తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడగకపోయారా, తెలియనితనానికి మందు అడిగి తెలుసుకోవడమే కదా అన్న భావంతో వారిని మందలించారు. ఈ హదీసును మేము మదరసాలో ఎన్నోసార్లు చదివించాము. అది మాకే వర్తిస్తుందని ఆలస్యంగా గ్రహించాము.

'పాజిటివ్‌గా ఉండు' అనే ఆజ్ఞ

సోదరులారా! 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ మాదాపూర్ ఎలా ఉండేదో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. చుట్టూ బండరాళ్ళు, పొలాలు, దుర్గం చెరువు. ఇప్పుడు గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల భవనాలే. ఈ భవనాలతోపాటు ఒక భాష కూడా ఇక్కడికి వచ్చింది. ఆ భాషలో 'పాజిటివ్' అన్న మాటకు పెద్ద పీట. టార్గెట్ అందకపోయినా పాజిటివ్‌గా ఉండాలి, ప్రాజెక్టు పోయినా పాజిటివ్‌గా ఉండాలి. అందులో మంచి లేదని అనడం లేదు. కానీ ఆ మాట వ్యాధిగ్రస్తుని మంచం దగ్గరికి వచ్చేసరికి ఆజ్ఞగా మారిపోతోంది. నువ్వు నవ్వకపోతే నీ చికిత్స ఫలించదు, నీ దిగులే నీ జబ్బును పెంచుతోంది అన్నట్లుగా వినిపిస్తోంది. ఒళ్ళు మండుతున్న మనిషి మీద నవ్వుతూ కనబడవలసిన బరువు కూడా పడుతోంది.

ఈ విషయంలో వైద్యులు పరిశోధన కూడా చేశారు. అమెరికాలో తల, మెడ క్యాన్సర్లకు చికిత్సా ప్రయోగాలలో పాల్గొన్న 1,093 మంది మానసిక స్థితిని, వారు జీవించిన కాలాన్ని జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పోల్చి చూశారు. 2007లో 'క్యాన్సర్' అనే వైద్య పత్రికలో దాని ఫలితం ప్రచురితమైంది. ఉల్లాసంగా ఉన్నవారు ఎక్కువ కాలం, దిగులుగా ఉన్నవారు తక్కువ కాలం జీవించారని ఆ పరిశీలనలో తేలలేదు. కొందరికి ఇది నిరుత్సాహంగా అనిపించవచ్చు. మాకు మాత్రం ఇది ఊరటనిచ్చింది. ఏడ్చిన రోజున మనం మన చికిత్సను పాడుచేసుకోవడం లేదన్నమాట. ధైర్యంగా ఉంటే రోజులు తేలికగా గడుస్తాయి, భోజనం సయిస్తుంది, ఇంటివారికి ఊరట కలుగుతుంది; అది నిజం. కానీ దిగులు కలిగినంత మాత్రాన ఎవరూ తమను తాము దోషులుగా భావించనవసరం లేదు.

ప్రవక్తలు బాధను దాచలేదు

ఇప్పుడు ధర్మం ఏమంటుందో చూద్దాం. సహనమంటే బాధ చెప్పకపోవడమని మనలో చాలామంది అనుకుంటారు. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ యాఖూబ్ (అలై) వృత్తాంతం చూడండి. కుమారుడు యూసుఫ్ (అలై) కోసం ఆయన దుఃఖించీ దుఃఖించీ కళ్ళు తెల్లబడ్డాయి. మా మొర అల్లాహ్‌తోనే అని ఆయన చెప్పుకున్నారు. అలా ఏడ్చిన ఆ తండ్రే ఆ వెంటనే కుమారులతో, వెళ్ళి యూసుఫ్‌ను అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అన్నారు. కన్నీరూ ఆశా ఒకే మనిషిలో, ఒకే సూరాలో పక్కపక్కన ఉన్నాయి.

హజ్రత్ మర్యమ్ (అలై) ప్రసవ వేదనలో ఖర్జూరపు మొదలుకు ఆనుకుని, దీనికంటే ముందే చనిపోయి ఉంటే బాగుండేదే అని వాపోయారు. ఆ మాటకు అల్లాహ్ ఆమెను గద్దించలేదు. దిగులుపడవద్దని ఊరడించి, కాళ్ళ కింద నీటి ఊటను చూపి, ఆ చెట్టు మొదలును ఊపమన్నాడు. హజ్రత్ అయ్యూబ్ (అలై) తనకు బాధ తగిలిందని ప్రభువుకు విన్నవించుకున్నప్పుడు, కాలితో నేలను తన్నమని ఆజ్ఞ అయింది. స్నానానికీ తాగడానికీ చల్లని నీరు వెలువడింది. ఇద్దరూ బాధను మాటలలో చెప్పుకున్నారు. ఇద్దరికీ చేయదగిన ఒక చిన్న పని ఇవ్వబడింది. ప్రసవ వేదనలో ఉన్న స్త్రీ ఖర్జూరపు మాను ఎంతని ఊపగలదు? అయినా చేయి వేయమనే చెప్పాడు ప్రభువు.

మన ప్రవక్త (స) సంగతి చూడండి. హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పితో అబ్బా అని మూలిగితే, వారు కూడా తమ తలనొప్పిని పైకే చెప్పుకున్నారని బుఖారీలో ఉంది. పసికందు ఇబ్రాహీం చనిపోయినప్పుడు వారి కళ్ళు వర్షించాయి. కళ్ళు కన్నీరు కారుస్తాయి, మనసు బాధపడుతుంది, నోటితో మాత్రం ప్రభువుకు ఇష్టమైనదే పలుకుతాము అన్నది వారి మాటల సారాంశం. సహనానికి హద్దు అక్కడ ఉంది. ప్రభువును నిందించకూడదు, మరణాన్ని కోరుకోకూడదు, ఆయన కారుణ్యం తలుపు మూసుకుపోయిందని అనకూడదు. ఆ హద్దు లోపల ఏడవవచ్చు, నొప్పి అని డాక్టరుకు చెప్పవచ్చు, నొప్పి మాత్ర అడగవచ్చు.

మాకు ఎలా గడిచింది

రేడియేషన్ అనగానే మనవారికి భయం. కొందరు దీనిని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాటలోనే భయం ఉంది. వాస్తవం ఏమిటంటే, లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి శక్తివంతమైన ఎక్స్ కిరణాలు గడ్డ ఉన్న చోటికి గురిపెట్టబడతాయి. అవి కణాలలోని డీఎన్ఏను దెబ్బతీస్తాయి. మంచి కణాలు తమను తాము బాగుచేసుకోగలవు. క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. అందుకే మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వకుండా, వారానికి ఐదు రోజుల చొప్పున కొద్దికొద్దిగా ఇస్తారు. కిరణాలు తగిలేటప్పుడు నొప్పి తెలియదు. ఎక్స్-రే తీయించుకున్నప్పుడు ఏమి తెలుస్తుందో అంతే. లోపల ఉండేది కొన్ని నిమిషాలు.

మెడ కదలకుండా ఉండాలని మాకు ఒక మాస్కు చేశారు. వేడి నీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిచి, చల్లబడి గట్టిపడేదాకా ఉంచారు. ప్రతి రోజూ ఆ మాస్కును ముఖం మీద పెట్టి బల్లకు బిగిస్తారు. మొదటి రోజు తలుపు మూసుకుని అందరూ బయటికి వెళ్ళినప్పుడు మా గుండె దడదడలాడింది. నలభై ఏళ్ళుగా ఖుర్ఆన్ హాఫిజ్‌గా ఉన్న మాకు ఆ క్షణాన ఫాతిహా సూరా కూడా సాంతం గుర్తు రాలేదు. అల్లాహ్ అన్న ఒక్క నామమే మిగిలింది. మైకులో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "భయపడకండి అంకుల్, కెమెరాలో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాం. ఇబ్బందిగా ఉంటే చేయి ఎత్తండి, వెంటనే ఆపేస్తాం." ఆ మాటతో కొంచెం ఊపిరి ఆడింది. ఆమె మన ధర్మానికి చెందినది కాదు. ఆమె కోసం మేము చికిత్స జరిగినన్నాళ్ళూ దుఆ చేశాము, ఇప్పటికీ చేస్తున్నాము.

మూడో వారానికి గొంతు మండడం మొదలైంది. నాలుగో వారానికి మాట పోయింది. అజాన్ వినిపిస్తుంటే జవాబు పలకలేకపోయాము. ఒక ఇమాంకు గొంతు పోవడమంటే ఏమిటో మీరు ఊహించగలరు. ఆ రాత్రి మేము ఏడ్చాము. అప్పుడే ఆ యువకుడు గుర్తుకు వచ్చాడు.

మరో ప్రశ్న కూడా పీడించింది. మదరసా రోజుల నుంచి చాలా ఏళ్ళు మేము జర్దా పాన్ నమిలాము. ఇది దానికి శిక్షా అని మనసు అడిగింది. పొగాకు అనేక క్యాన్సర్లకు కారణమన్నది స్థిరపడిన విషయం. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం తేల్చింది. మన విందులలో జర్దా పాన్, గుట్కా ఇంకా తిరుగుతున్నాయంటే అందుకు మనమంతా సిగ్గుపడాలి. తప్పుకు తౌబా ఉంది; మేము చేశాము. కానీ ఫలానా జబ్బు ఫలానా పాపానికి శిక్ష అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. పసిపిల్లలకూ క్యాన్సర్ వస్తోంది. విశ్వాసికి కలిగే బాధ అతని పాపాలను రాల్చివేస్తుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. వ్యాధిగ్రస్తుని ముందు మనం చెప్పవలసినది ఆ శుభవార్తే.

ఆసుపత్రి హాలులో మాకు నిజమైన ఆశ కనిపించింది. నల్గొండ నుంచి, కర్నూలు నుంచి, బీదర్ నుంచి వచ్చినవారు స్టీలు క్యారియర్లతో వరుసగా కూర్చుని ఉండేవారు. అక్కడ ఎవరూ ఎవరినీ పాజిటివ్‌గా ఉండమని అనేవారు కాదు. "మీకు ఇది ఎన్నోది?" అని అడిగేవారు. పదహారోది అంటే, "సగం దాటేశారు, రేపు రండి" అనేవారు. మాకు ఆ 'రేపు రండి' అన్న మాటలో తవక్కుల్ అర్థమైంది. దిగులు ఉన్నా, నిద్ర లేకున్నా, తెల్లవారి మళ్ళీ ఆ బల్ల మీద పడుకోవడానికి వెళ్ళడం. మర్యమ్ (అలై) చెట్టు మీద చేయి వేసినట్లుగా.

ఈ మాటకు వైద్యపరమైన ఆధారం కూడా ఉంది. సిట్టింగుల మధ్య అకారణంగా ఖాళీ వస్తే గడ్డ తిరిగి పుంజుకునే ప్రమాదం ఉంటుంది; తల, మెడ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో ఇది మరీ ముఖ్యమని వైద్యులు చెబుతారు. కాబట్టి బాధ భరించలేకపోతే మానేయకండి. డాక్టరుకు చెప్పండి. పుండ్లకు మందులున్నాయి, మింగలేనివారికి గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే ఏర్పాటు ఉంది, నొప్పికి చికిత్స ఉంది. అల్లాహ్ మందు పుట్టించకుండా ఏ వ్యాధినీ పుట్టించలేదని, చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) చెప్పిన తరువాత, చికిత్సను సగంలో విడిచి ఆమిల్ దగ్గరికో, వాట్సాప్‌లో వచ్చిన చిట్కా దగ్గరికో పరుగెత్తడం తవక్కుల్ కాదు. రుఖియా చేసుకోండి, జమ్‌జమ్ తాగండి, దుఆ చేయించుకోండి; సిట్టింగుకు కూడా వెళ్ళండి.

అడుగుతున్న కొన్ని ప్రశ్నలు

మేము ఈ సంగతి ఇద్దరు ముగ్గురికి చెప్పగానే చాటుగా ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. వాటికి ఇక్కడ బాహాటంగా జవాబు చెబుతున్నాము.

మొదటిది: రేడియేషన్ తీసుకున్న తల్లి బిడ్డను ఎత్తుకోవచ్చా? బయట నుంచి యంత్రం ద్వారా ఇచ్చే రేడియేషన్ శరీరంలో నిలవ ఉండదు. యంత్రం ఆగగానే అదీ ఆగిపోతుంది. బిడ్డను నిరభ్యంతరంగా హత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. రేడియో అయోడిన్ వంటి మందు లోపలికి ఇచ్చినప్పుడు మాత్రం కొన్ని రోజులు దూరం పాటించాలి. ఎన్ని రోజులన్నది ఆసుపత్రివారు చెబుతారు. తెలియక ఇంట్లో వ్యాధిగ్రస్తులకు కంచం వేరు, గది వేరు చేయడం అన్యాయం.

రెండవది: శరీరం మీద పెట్టిన గుర్తుల సంగతి. రొమ్ము లేదా పొట్ట భాగానికి చికిత్స జరిగేటప్పుడు చర్మం మీద సిరాతో గీతలు గీస్తారు, లేదా చిన్న చుక్కలు పొడుస్తారు. వుజూలో కడగవలసినవి ముఖం, మోచేతుల వరకు చేతులు, పాదాలు, తలకు మసహ్. ఛాతీ మీది గీతలకూ వుజూకూ సంబంధమే లేదు. గుస్ల్ విషయానికి వస్తే, రంగు మాత్రమే ఉండి పొర లేకపోతే నీరు చేరినట్లే. ఆ భాగాన్ని తడపవద్దని డాక్టరు చెబితే తడి చేతితో మసహ్ చేయండి. అదీ హానికరమైతే వదిలేయండి. రుద్ది చెరిపివేయకండి. వైద్యం కోసం పొడిచిన చుక్కలు అలంకారానికి పొడిచే పచ్చబొట్ల వంటివి కావు. వాటి విషయంలో దోషభావం వద్దు.

మూడవది: నమాజు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ వ్యాధి గురించి అడిగినప్పుడు, నిలబడి చదవండి, లేకుంటే కూర్చుని, అదీ కాకుంటే పక్కకు పడుకుని చదవండని ప్రవక్త (స) చెప్పారు. గొంతు పోయినవారు పెదవులు కదిపితే చాలు. శుక్రవారం మధ్యాహ్నమే సిట్టింగు పడితే జుమా కోసం దానిని వదలకండి. వ్యాధిగ్రస్తునిపై జుమా తప్పనిసరి కాదు, జుహర్ నాలుగు రకాతులు చదువుకోండి.

నాలుగవది: ఉపవాసం. పొత్తికడుపు భాగానికి చికిత్స పొందేవారిలో కొందరిని మూత్రాశయం నిండేలా నీళ్ళు తాగి రమ్మంటారు. గొంతుకు చికిత్స జరిగేవారికి తరచుగా నీరు, మెత్తని ఆహారం అవసరం. వ్యాధిగ్రస్తులు వేరే రోజులలో లెక్క పూర్తిచేసుకోవచ్చని బఖరా సూరా స్పష్టంగా అనుమతించింది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని తిరస్కరించడం భక్తి కాదు.

ఐదవది: మా సోదరీమణుల ప్రశ్న, పర్దా. మహిళా టెక్నీషియన్ కావాలని అడగండి, దుప్పటి అడగండి, చాలాచోట్ల ఇస్తారు. లభించకపోతే అవసరమైనంత భాగం మేరకు అనుమతి ఉంది. సిగ్గుతో గడ్డను దాచిపెట్టి ఆలస్యం చేయకండి. చికిత్స జరిగే చర్మం మీద అత్తరు, నూనె, పౌడరు డాక్టరును అడగకుండా రాయకండి.

ఇక ఈ రోజులలో ఖుర్ఆన్ పారాయణం సాగడం లేదని, తహజ్జుద్‌కు లేవలేకపోతున్నామని బాధపడేవారికి ఒక శుభవార్త. రోగికీ, ప్రయాణికునికీ, వారు ఆరోగ్యంగా, ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేసే ఆచరణల ప్రతిఫలమే రాయబడుతుందని బుఖారీలో హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖన ఉంది. మీరు నిద్రపోతున్నా మీ తహజ్జుద్ లెక్కలోకి వస్తోంది.

పరామర్శించేవారికి, స్తోమత గలవారికి

పరామర్శ సున్నత్. కానీ వెళ్ళినవారు తొందరగా లేవాలి. మా బాబాయికీ ఇదే వచ్చింది, ఆరు నెలల్లో పోయాడని చెప్పేవారిని మేము చూశాము. రోగి మాట్లాడితే వినండి. మేము చేసిన తప్పు మీరు చేయకండి. ఒక ముసలి ఎడారి వాసిని పరామర్శించడానికి వెళ్ళి ప్రవక్త (స), ఫరవాలేదు, ఇది పరిశుద్ధి కలిగిస్తుందన్నారు. కాదు, ఇది నన్ను సమాధికి చేర్చే జ్వరమని ఆయన అన్నాడు. ప్రవక్త (స) వాదించలేదు, సరే అలాగే అన్నారు. ఆశను అందించవచ్చు, బలవంతంగా రుద్దడానికి వీలులేదు.

రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేరు మీరంతా విన్నారు. 1955లో మొదలైన ఆ ప్రభుత్వ ఆసుపత్రికి ఉన్నది నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు. హైదరాబాదు రాష్ట్రంలో మంత్రిగా, తరువాత గుజరాత్ మొదటి గవర్నరుగా పనిచేసిన ఆయన పేరు, ఇన్నేళ్ళుగా అన్ని మతాల పేదలు ఉచ్చరిస్తూ ఆ మెట్లు ఎక్కుతున్నారు. సదఖా జారియా అంటే ఇంతకంటే ఏమి కావాలి! ఆరోగ్యశ్రీ కింద అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స ఖర్చు లభిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షల రూపాయలు. కానీ వారానికి ఐదు రోజులు, ఆరు వారాలపాటు రాకపోకలు, గది అద్దె, మెత్తని ఆహారం, పోయిన కూలి చాలావరకు కుటుంబం మీదే పడతాయి. పేదవారు సగంలో ఆగిపోవడానికి ఇవి కూడా కారణాలే.

మీలో చాలామందికి కారు ఉంది, ఇంటి నుంచి పనిచేసే రోజులు ఉన్నాయి. చెప్పుల స్టాండు పక్కన ఒక రిజిస్టరు పెట్టించాము. వారంలో ఒక ఉదయం ఒక రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళి తీసుకురాగలవారు అందులో పేరు రాయండి. రోగి ముస్లిమా కాదా అని అడగకండి. అర్హులైన ముస్లిం పేద రోగులకు జకాత్ ఇవ్వవచ్చు. ఇతరులకు సదఖా ఇవ్వండి. చికిత్సలో ఉండి ఎవరికీ చెప్పుకోలేకపోతున్నవారు అసర్ తరువాత మా గదికి రండి. ఇక మీద ఆ సమయంలో మేము మరే పనీ పెట్టుకోము. మీ ప్రశ్న పూర్తిగా వింటాము.

చివరగా ఒక హెచ్చరిక. మా గొంతు బొంగురుపోయిన నాలుగు నెలలకుగానీ మేము డాక్టరును కలవలేదు. ఖుత్బాల వల్లే అనుకున్నాము. మూడు వారాలకు మించి గొంతు బొంగురుగా ఉన్నా, నోటిలో పుండు మానకపోయినా, రొమ్ములో గడ్డ తగిలినా వెంటనే చూపించుకోండి. తొలి దశలో పట్టుబడితే స్వరపేటిక క్యాన్సర్ చాలామందిలో నయమవుతుంది.

దుఆ

ఓ అల్లాహ్! ఈ ఉదయం ఆసుపత్రి బల్ల మీద పడుకున్న ప్రతి దాసునికీ నీ సామీప్యాన్ని చవిచూపు. వారి నొప్పిని తగ్గించు, వారి కన్నీటిని వారి పాపాల క్షమాపణగా స్వీకరించు. రేపు మళ్ళీ వెళ్ళే బలాన్ని వారికి ప్రసాదించు. వారికి సేవ చేసే వైద్యులకు, నర్సులకు, యంత్రం నడిపే బిడ్డలకు మేలు చేయి. వారి ఇంటివారి అలసటను వృథా పోనీయకు. తన ప్రశ్నను మాకు వినిపించలేక వెళ్ళిపోయిన ఆ యువకుని సమాధిని వెలుగుతో నింపు, అతని విషయంలో మమ్మల్ని క్షమించు. నీవు స్వస్థత రాసిన వారికి త్వరగా స్వస్థతనివ్వు. నీ దగ్గరికి రావలసి ఉన్నవారిని నీ పట్ల మంచి ఆశతోనే రప్పించుకో. మా ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన నీ కారుణ్యాన్ని కురిపించు. ఆమీన్.